సగం లేవకపోతే

ఈజిప్టులోని దుమ్యాత్ ఊరి మగవాళ్ళకి మాటకి ముందొక ఒట్టు, మాటకి వెనకొక ఒట్టు. అందులోనూ కుర్చీలకీ మంచాలకీ వార్నిషు పట్టించే మేస్త్రీ, అందరూ ఉస్తా అని పిలిచే బదీర్‌ది మరీ విడ్డూరం. "మధ్యాహ్నం నమాజు వేళకి ఈ బల్ల ఆరకపోతే తలాక్ నా మీద పడాలి" అంటాడు. "టీ తాగకుండా గడప దాటావంటే తలాక్ నా మీద పడాలి" అంటాడు. సముద్రం గాలికి బల్ల ఆరదు, వచ్చినవాడు టీ తాగకుండానే పోతాడు. ఆ లెక్కన వార్నిషు డబ్బాల మీదా టీ గ్లాసుల మీదా అతని భార్య నజాత్‌కి ఈ పన్నెండేళ్ళలో ఎన్నిసార్లు విడాకులయ్యాయో దేవుడికే తెలియాలి. ఆమె మాత్రం వంటింట్లో వంకాయలు వేయించుకుంటూ "ఇదిగో, మళ్ళీ వదిలేశాడు నన్ను" అని పక్కింటావిడతో అని నవ్వేసేది.

ఆ నవ్వు ఆసుపత్రి హాల్లో ఆగిపోయింది. ఆపింది తనేనని ఇన్షిరాహ్ ఇప్పటికీ అనుకుంటుంది. పైకి ఎవరితోనూ అనదు.

ఇన్షిరాహ్ ఆ ఆసుపత్రి ల్యాబులో పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. పిల్లల్లేని దంపతులు వచ్చే ఆసుపత్రి అది. నది ఒడ్డున మూడంతస్తుల మేడ, రెండో అంతస్తులో ల్యాబు. మగవాళ్ళ వీర్యాన్ని సన్నటి గొట్టాల్లో నింపి, పొగలు కక్కే ద్రవ నైట్రోజన్ ట్యాంకులో దాచడం ఆమె పని. అవసరం వచ్చిన రోజు దాన్ని కరిగించి, కదిలేవాటిని ఏరి, ఆడమనిషి గుడ్డులోకి సూదితో ఎక్కించేదీ ఆమే. కరిగాక మళ్ళీ కదిలేవాటిని ల్యాబులో "లేచినవి" అంటారు. కదలనివాటిని "పడుకున్నవి" అంటారు. చచ్చినవి అన్న మాట అక్కడ ఎవరూ నోట రానివ్వరు.

మంచులోంచి ఎన్ని లేస్తాయో ముందుగా చెప్పే విద్య ప్రపంచంలో ఇంకా ఎవరికీ సరిగ్గా పట్టుబడలేదు. ఒకే మనిషి ఈ నెల ఇచ్చినదాంట్లో సగానికి సగం లేస్తాయి, వచ్చే నెల ఇచ్చినదాంట్లో పదో వంతైనా లేవవు. దాచేముందు జోరుగా పరిగెత్తినవి మంచు తగలగానే చతికిలబడతాయి. ఈసురోమంటూ ఈడ్చుకున్నవి చక్కగా లేచి కూర్చుంటాయి. పెద్ద చదువులవాళ్ళు దీనిమీద కట్టలకొద్దీ రాశారు, ఇంకా రాస్తూనే ఉన్నారు.

ఇన్షిరాహ్ మాత్రం చెప్పేది. దాచేముందు పావుగంటసేపు మైక్రోస్కోపులో కదలకుండా చూసేది. తల వాటం, మెడ దగ్గర వాపు, తోక విసిరే తీరు, అలిసిపోయి ఎంతసేపటికి ఆగుతున్నాయన్నది, అన్నీ చూసి వందకి ఎన్ని లేస్తాయో ఫైలు మూల పెన్సిల్‌తో ఓ అంకె వేసేది. కరిగించిన రోజు లెక్కపెడితే ఆ అంకెకి మూడో నాలుగో అటూ ఇటూ, అంతే. ఎన్ని గొట్టాలు కరిగించాలో, ఎన్ని మిగుల్చుకోవాలో డాక్టర్ లుత్ఫీ ఆ పెన్సిల్ అంకె చూసే తేల్చుకునేవాడు. "నీ కళ్ళలో జిన్ను కాపురం ఉంటోంది ఇన్షిరాహ్" అనేవాడు. "ఊరుకోండి డాక్టరుగారూ" అనేది ఆమె. లోపల మాత్రం ఆ మాట కోసం చెవులు రిక్కించుకునే ఉండేది. ఆ గర్వమే కొంప ముంచింది.

బదీర్ మొదటిసారి వచ్చింది రెండేళ్ళ క్రితం. వృషణంలో గడ్డ ఉందని కోసి తీసేశారు, కాన్సరన్నారు, మర్నాటి నుంచే మందు ఎక్కించాలన్నారు. మందు ఎక్కితే ఇక పిల్లలు పుడతారో లేదో తెలియదు, ఇవాళే దాచుకోమన్నారు. ఆ రోజు అతని ముఖం వార్నిషు పోయిన చెక్కలా ఉంది. ఇచ్చింది కాస్తే. నాలుగు గొట్టాలు నిండాయి. మామూలుగా ఓ చిన్న గొట్టం విడిగా దాచి, మర్నాడే కరిగించి చూసుకుంటారు, అసలువి ఎలా ఉంటాయో దాన్నిబట్టి తెలుస్తుందని. ఆ రోజు దానికి మిగల్లేదు. ఇన్షిరాహ్ పావుగంట చూసి ఫైలు మూల ముప్పై అని వేసింది.

బదీర్ బతికి బట్టకట్టాడు. జుట్టు మళ్ళీ మొలిచింది, గొంతు మళ్ళీ లేచింది, ఒట్లు మళ్ళీ మొదలయ్యాయి. కానీ ఇప్పుడు అతను ఏమిచ్చినా దాంట్లో వెతికి వెతికి కళ్ళు కాయలు కాయాల్సిందే, ఒక్కటి కనబడదు. ఉన్నదంతా ఆ నాలుగు గొట్టాలే. నజాత్‌కి ముప్పై తొమ్మిదో ఏడు.

ఆమెకి ఇంజెక్షన్లు మొదలుపెట్టిన రోజు ఇద్దరూ హాల్లో కూర్చున్నారు. జనం కిటకిటలాడుతున్నారు. వాళ్ళకి పద్ధతంతా చెప్పమని డాక్టర్ లుత్ఫీ ఇన్షిరాహ్‌ని పంపాడు. ఆమె చెప్పింది. పన్నెండు రోజులకి గుడ్లు తీస్తారు, అదే రోజు గొట్టం కరిగిస్తారు, ఆ ఉదయం ఇద్దరూ ఓ కాగితం మీద సంతకం పెట్టాలి.

"ఏం కాగితం డాక్టరమ్మా?" అంది నజాత్.

"ఇవాళ్టికి మీరిద్దరూ మొగుడూ పెళ్ళాలే అని. నికా పత్రం, గుర్తింపు కార్డులు తెచ్చుకోండి. అది లేకుండా ట్యాంకు మూత తియ్యం. విడిపోయినవాళ్ళవి, పోయినవాళ్ళవి పారబోస్తాం. పద్ధతి అది."

"మేం ఎక్కడికి విడిపోతాం, ఈయన నన్ను వారానికి నాలుగుసార్లు వదిలేస్తాడు గానీ" అని నవ్వింది నజాత్.

బదీర్ నవ్వలేదు. అతని మనసు వేరేచోట ఉంది. "అది సరే. ఎన్ని లేస్తాయి?" అన్నాడు.

దేవుడు తలిస్తే అన్నీ మంచే జరుగుతాయి ఉస్తా, అని ఊరుకోవచ్చు. ఆ ఊళ్ళో ఎవరైనా అదే అంటారు. ఇన్షిరాహ్ ఫైలు మూల చూసి, "వందకి ముప్పై" అంది.

"ముప్పయ్యా?"

"ముప్పై."

"అంటే డెబ్భై..."

ఎదురు కుర్చీలో చేపల రేవు ఇజ్బత్ అల్ బుర్జ్ నుంచి వచ్చిన పడవ మనిషి ఒకడు ఉన్నాడు. అతనూ పిల్లల కోసమే వచ్చినవాడు, నాలుగు గంటలుగా కూర్చుని విసుగెత్తి ఉన్నాడు. "రెండేళ్ళు ఐసులో పెట్టిన చేపలు ఉస్తా! వందలో ముప్పై తోకలు ఆడించాయంటే అదే గొప్ప, తీసుకెళ్ళి దిష్టి తియ్యి!" అన్నాడు.

హాలంతా ఘొల్లుమంది. ఆడవాళ్ళు కూడా కొంగుచాటున నవ్వారు.

బదీర్ లేచి నిలబడ్డాడు. మెడ మీద నరం ఉబ్బింది. "సగం లేస్తాయిరా! వింటున్నారా అందరూ? సగానికి సగం లేవకపోతే మూడు తలాక్‌లు నా మీద పడాలి! మూడు!" అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. పడవ మనిషి తల దించుకుని, "అయ్యో, తమాషాకన్నాను ఉస్తా" అని గొణిగాడు. నజాత్ చేతిలో ఉన్న ఇంజెక్షన్ల సంచిని ఒళ్ళోకి లాక్కుంది, అంతే. ఇదిగో మళ్ళీ వదిలేశాడు నన్ను, అనలేదు.

ఇన్షిరాహ్ గొంతు తగ్గించి అంది: "ముప్పై కాదు ఉస్తా, పది లేచినా మీకు ఎక్కువే. ఒక్కో గుడ్డుకి ఒక్కటుంటే చాలు. సగం ఎందుకు మీకు?"

"చాలేది మీకు. నాకు చాలదు" అన్నాడు బదీర్.

బల్ల ఆరకపోతే బల్లని తిట్టుకుని ఇంటికి పోవచ్చు. ఇక్కడ లెక్కపెట్టేది ఒక మనిషి, లెక్క కాగితం మీదకి ఎక్కుతుంది, ఆ కాగితం పక్కనే ఇంకో కాగితం ఉంటుంది, మేం మొగుడూ పెళ్ళాలం అని. ఇదంతా ఇన్షిరాహ్‌కి ల్యాబులోకి వెళ్ళి తలుపేసుకున్నాక గానీ తట్టలేదు. 

డాక్టర్ లుత్ఫీ ఒంటికాలి మీద లేచాడు. "అంకెలు నాకు చెప్పమన్నానా, జనానికి చెప్పమన్నానా? నువ్వేమన్నా గవ్వలేసి జోస్యం చెప్పేదానివా?" అన్నాడు.  

అయిదో రోజు నజాత్ ఒంటరిగా వచ్చింది. ఇంజెక్షన్లకి ముఖం ఉబ్బి ఉంది. ల్యాబు గుమ్మంలోనే నిలబడి, చెప్పులు విప్పాలా వద్దా అని తటపటాయించింది. ఇన్షిరాహ్ బయటికి వచ్చి మెట్ల మీద ఆమె పక్కన కూర్చుంది.

"మా నాన్న ఓ మేక గురించి ఒట్టేశాడు డాక్టరమ్మా. తప్పిపోయిన మేక. పొద్దుగూకేలోపు దొరక్కపోతే తలాక్ అన్నాడు. మర్నాడు పొద్దున దొరికింది. అప్పటికే అంతకుముందువి రెండు ఉన్నాయట, ఇది మూడోది. మా అమ్మని మా మామయ్య వచ్చి తీసుకెళ్ళిపోయాడు. నాకు ఆరేళ్ళు. మా నాన్న ఏడ్చాడు కూడా, ఏడ్చి ఏం లాభం?"

"అది వేరు, ఇది వేరమ్మా. షేకుల్ని అడుగు."

"ఫోన్ చేశాను. ఫత్వా చెప్పే చోటికి. అక్కడి షేకు మంచిగానే మాట్లాడాడు. 'మీ ఆయన మనసులో ఏముంది తల్లీ? నిన్ను వదిలెయ్యాలనా, మాట గట్టిగా చెప్పాలనా? ఊరికే గట్టిగా చెప్పడానికే అయితే తలాక్ పడదు, పదిమంది పేదలకి అన్నం పెడితే తీరిపోతుంది. అతన్నే వచ్చి చెప్పమను' అన్నాడు."

"ఇంకేం? పంపించు!"

"వెళ్ళడు." నజాత్ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వెళితే సగం లేవవని తనే ఒప్పుకున్నట్టట. 'నా మనసులో ఉన్నదే నా నోట్లో ఉంది, సగం లేస్తాయి, ఇంక ఫత్వా దేనికే?' అంటాడు. ఆ జబ్బు చేసినప్పటి నుంచీ అంతే డాక్టరమ్మా. అంతకుముందు ఇంత లేదు. ఒకటి కోసేశారుగా. అప్పట్నుంచి ఎవరైనా నవ్వితే తననే అనుకుంటాడు."

 కింద వీధిలో ఎవరో సోఫాని రిక్షా బండి మీద కడుతూ తాడు గురించి తిట్టుకుంటున్నారు.

"యాభై ఒకటని చెప్పండి" అంది నజాత్.

"ఏమిటి?"

"కళ్ళు మీవి. చూసేది మీరొక్కరే. యాభై ఒకటి అనండి. నాకు ఇంకోసారి ఈ ఇంజెక్షన్లు ఉండవు, డాక్టరుగారే అన్నారు. గుడ్లు లేవట నాలో. ఇదే ఆఖరు."

ఇన్షిరాహ్‌కి ఆమెని కావలించుకోవాలనిపించింది, అదే సమయంలో కోపమూ వచ్చింది. "పందొమ్మిదేళ్ళలో ఒక్క తప్పుడు అంకె చెప్పలేదు తల్లీ నేను. లక్షమందికి బిడ్డలు పుడతారన్నా చెప్పను. ఒకసారి చెబితే ఇక నేను చెప్పినవన్నీ ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను."

 దానికి నజాత్ అన్న మాట చదువుకున్న ఇన్షిరాహ్‌కి అన్ని రోజుల్లో తట్టలేదు. "అయితే లెక్కపెట్టకండి" అంది. "ఏరుకోండి, ఎక్కించండి, లెక్క మాత్రం పెట్టకండి. ఎవరికీ తెలియకపోతే సగం లేవలేదని ఎవరంటారు? దేవుడికి తెలుస్తుంది. ఆయన దయగలవాడు."

ఆ వాదం షరియాలో నిలుస్తుందో లేదో ఇన్షిరాహ్‌కి తెలియదు. మెట్ల మీద మాత్రం నిలిచింది. సూదితో ఎక్కించడానికి లెక్క అక్కర్లేదు, కదిలేవి ఏడో ఎనిమిదో ఏరుకుంటే చాలు. లెక్క అన్నది ల్యాబు కోసం, ఫైలు కోసం, నిజం చెప్పాలంటే తన ముప్పై నిలబడిందా లేదా అని తను చూసుకోవడం కోసం. "సరే" అంది. నజాత్ ఆమె అరచేయి తిప్పి ముద్దుపెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే ఇన్షిరాహ్ ఈ సంగతి డాక్టర్ లుత్ఫీ చెవిన వేస్తే అతనూ సరేనన్నాడు.

పన్నెండో రోజు పొద్దున్నే బదీర్ ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని వచ్చాడు. నికా పత్రాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పట్టుకున్నాడు. గోళ్ళలో మాత్రం వార్నిషు అలాగే ఉంది. ఇవాళ్టికి మేం భార్యాభర్తలమే అన్న కాగితం మీద నొక్కి నొక్కి సంతకం పెట్టాడు. నజాత్ పేరులో ఓ చుక్క పక్కకి పడింది.

"ఇవాళ నీ కళ్ళే నాకు సాక్షి డాక్టరమ్మా. ఏం చూస్తే అదే చెప్పు" అన్నాడు.

"లోపలికి రాకండి ఉస్తా, ఇక్కడే కూర్చోండి" అంది ఇన్షిరాహ్.

ఏడు గుడ్లు వచ్చాయి. నజాత్ వయసుకి ఏడంటే మంచిదే. డాక్టర్ లుత్ఫీ ఆపరేషన్ గది కిటికీలోంచి వాటిని అందించి, "లెక్క వద్దు, గుర్తుందిగా?" అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. ఆమె లెక్కపెట్టే మీటని, వేలితో నొక్కితే టక్కుమనే దాన్ని, సొరుగులో పడేసి తాళం వేసింది. తన మీద తనకి అంత నమ్మకం లేదు.

ట్యాంకు మూత తీసి ఒక గొట్టం పైకి లాగింది. గోరువెచ్చటి నీళ్ళలో అది తెల్లదనం పోగొట్టుకుని మామూలు నీటిబొట్టులా అయింది. రెండేళ్ళ క్రితం భయంతో బిగుసుకుపోయిన ఒక మనిషి ఇచ్చిన బొట్టు. దాన్ని గాజు పలక మీద పరచి మైక్రోస్కోపుకి కన్ను ఆనించింది.

పందొమ్మిదేళ్ళ కన్ను అది. సొరుగుకి వేసిన తాళం దానికి తెలియదు. నేను లెక్కపెట్టడం లేదు అని ఆమె అనుకుంటూ ఉండగానే అది పని ముగించేసింది. అన్నీ పడుకునే ఉన్నాయి. ఇక్కడొకటి తోక ఆడించింది, అక్కడొకటి తల తిప్పుకుంది, ఆ మూల ఒకటి కాస్త ముందుకి పాకింది. వందకి ఎనిమిది. తొమ్మిదంటే అబద్ధమే.

మొదట ఆమెకి నజాత్ గుర్తు రాలేదు. ఆ సంగతి తర్వాత తలుచుకుని సిగ్గుపడింది. ముందు గుర్తొచ్చింది ఫైలు మూల పెన్సిల్ అంకె. ముప్పై ఎక్కడ, ఎనిమిది ఎక్కడ? ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. రెండో గొట్టం కూడా కరిగించింది, మొదటిదాంట్లో ఏదో లోపమేమోనని. అందులోనూ అంతే. ఈ మాత్రపు చూపుకేనా హాల్లో అందరి ముందూ ముప్పై అని అంత ధీమాగా చెప్పింది! ముప్పై అన్నందుకు కదా వాడు సగం అన్నది. ఏమీ అనకపోతే వాడూ ఏమీ అనేవాడు కాదు.

గుడ్లు ఆగవు. ఆమె కళ్ళు తుడుచుకుని పనిలో పడింది. లేచినవాటిలోంచి ఒక్కొక్కటే ఏరి, సూదిలోకి లాగి, గుడ్డులోకి వదిలింది. ఏడూ అయ్యేసరికి మెడ పట్టేసింది. వందకి ఎనిమిదే అయినా ఏడు గుడ్లకి సరిపోనే సరిపోయాయి. ఫైల్లో లెక్క రాయాల్సిన గడిలో అడ్డగీత గీసింది. ఆ ఫైళ్ళలో అటువంటి గీత అదే మొదటిది. పెన్సిల్ ముప్పైని రబ్బరుతో చెరిపేసింది.

బయటికి వచ్చేసరికి బదీర్ తలుపుకి ఎదురుగా నిలబడి ఉన్నాడు. అవతల చక్రాల మంచం మీద నజాత్ మత్తులోంచి అప్పుడే తేరుకుంటోంది. కళ్ళు మాత్రం పూర్తిగా తెరిచి ఇటే చూస్తోంది.

"ఎంత?" అన్నాడు బదీర్.

"ఏడు గుడ్లకీ ఎక్కించాను ఉస్తా. రేపు పొద్దున ఎన్ని పట్టాయో..."

"అది కాదు. ఎన్ని లేచాయి?"

"లెక్కపెట్టలేదు."

"అదేంటి?"

"టైము లేదు. కదిలేవి ఏరుకున్నాను, అంతే. కరిగించినదాంట్లో మిగిలింది పారబోశాం."

బదీర్ ఓ అడుగు ముందుకి వేశాడు. "నువ్వా! లెక్కపెట్టకుండా గొట్టం వదిలేశావా? ఈ మేడలో ఎవర్నడిగినా నీ సంగతి చెబుతారు. నా చెవుల్లో పువ్వులు పెట్టకు. ఒట్టు వెయ్యి."

ఇన్షిరాహ్ నజాత్ వైపు చూడలేదు. చూస్తే నోరు పెగలదని తెలుసు. మీట సొరుగులోనే ఉంది, వేలు ఒక్కసారి కూడా నొక్కలేదు. "దేవుడి మీద ఒట్టు, నేను లెక్కపెట్టలేదు" అంది.

బదీర్ ఆమె ముఖంలోకి కాసేపు అలాగే చూశాడు. తర్వాత గోడకి జారగిలబడి, ఇస్త్రీ కోటుతోనే నేల మీద కూర్చుండిపోయాడు. "అల్హమ్దులిల్లా" అన్నాడు. "అల్హమ్దులిల్లా, అల్హమ్దులిల్లా." రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. భుజాలు ఎగసిపడుతున్నాయి. "ఎన్నాళ్ళయిందో డాక్టరమ్మా కంటిమీద కునుకు పడి. నోరు జారింది. జారాక వెనక్కి తీసుకోవడం నా చేత కాలేదు. ఈమె లేకపోతే నేనెవర్ని? మందు ఎక్కించుకుంటున్నప్పుడు ఈమె నా వాంతులు ఎత్తిపోసింది."

 ఇంత తేలికైన సంగతి కోసమా ఇన్నాళ్ళూ ఇద్దరూ ఇలా నలిగిపోయింది! ఇన్షిరాహ్ అతని ఎదురుగా గొంతుక్కూర్చుంది. "అయితే ఉస్తా, ఇవాళే వెళ్ళి షేకుకి ఈ మాటే చెప్పండి. నా మనసులో వదిలెయ్యాలని లేదు, ఊరికే అన్నాను అని. పదిమందికి అన్నం పెట్టండి. అయిపోతుంది. ఆ మాట మీ మీద లేకుండా పోతుంది."

బదీర్ ముఖం తుడుచుకున్నాడు. కాసేపటికి లేచి కోటు దులుపుకున్నాడు. లేచేసరికి పాత బదీర్ అయిపోయాడు. "ఎందుకూ? లెక్కే లేదుగా. సగం లేచే ఉంటాయి. ఎక్కువే లేచి ఉంటాయి. నావి నాకు తెలీదా?" అన్నాడు.

మంచం మీద నజాత్ కళ్ళు మూసుకుంది.

ఇంటికి వెళ్ళాక ఇన్షిరాహ్‌కి ముద్ద దిగలేదు. లెక్కపెట్టలేదన్న మాట నిజమే, అని వందసార్లు చెప్పుకుంది. అంతలోనే వందకి ఎనిమిది అని లోపల ఎవరో అనేవారు. ఆ అంకె తెలిసినది ప్రపంచంలో తనొక్కతే. బదీర్ అన్న ఆ తలాక్ పడిందా, పడలేదా? పడి ఉంటే తను ఆ ఏడు గుడ్లలో ఎక్కించింది ఎవరి బిడ్డని, ఎవరి కడుపులోకి? షేకుని అడిగితే చెప్పేవాడే. అడగాలంటే ఎనిమిది అని నోటితో చెప్పాలి. ఆమె కూడా అడగలేదు. బదీర్‌ని ఏమని తప్పుపట్టాలి ఇంక? లెక్కపెట్టలేదని తను వేసిన ఒట్టుకి పరిహారంగా మాత్రం మూడు రోజులు ఉపవాసం ఉందామనుకుంది. పదిమందికి అన్నం పెట్టగల స్తోమత ఉండి కూడా ఉపవాసమే ఎందుకంటే, ఆకలి తన ఒంటికే తగలాలనిపించింది.

మర్నాడు తెల్లారకముందు నాలుగు ఖర్జూరాలు తిని, నీళ్ళు తాగి, మొదటి రోజు ఉపవాసం పట్టింది. తొమ్మిదింటికి ల్యాబుకి వచ్చి గుడ్లు ఉంచిన వెచ్చటి డబ్బా తెరిచి చూసింది. ఏడింట్లో నాలుగు పట్టాయి. నాలుగూ గుండ్రంగా, నిండుగా, ఏమీ ఎరగనట్టు ఉన్నాయి. ఆమె వాటిని ఎంతసేపు చూసిందో. ఇవి ఎన్ని నిలుస్తాయి అని అలవాటుగా అనుకోబోయి, కన్ను తీసేసింది.

డాక్టర్ లుత్ఫీ ఆ మాట చెప్పీ చెప్పగానే బదీర్ మెట్లు దిగి పరిగెత్తాడట. పావుగంటలో తిరిగొచ్చాడు. చేతిలో జిలేబీలాంటి ముషబ్బక్ మిఠాయి పెట్టె, పాకం ఇంకా వేడిగా కారుతోంది. హాల్లో అందరికీ పంచాడు, నర్సులకి పంచాడు, తలుపు తియ్యమని ల్యాబు అద్దం మీద కొట్టాడు. అతని వెనకాల నజాత్ నెమ్మదిగా, ఒక చేత్తో గోడ పట్టుకుని వస్తోంది. ముఖంలో రంగు వచ్చింది. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి పెదవుల మీద నవ్వులాంటిది ఉంది.

"తీసుకో డాక్టరమ్మా!"

"ముబారక్ ఉస్తా. అక్కడ పెట్టండి, తర్వాత తింటాను."

"తర్వాత లేదు, గిర్వాత లేదు. వేడిది."

"ఉపవాసం ఉన్నానయ్యా ఇవాళ. సాయంత్రం దీంతోనే విడుస్తాను, సరేనా?"

"ఇది రంజానా? ఇవాళ ఉపవాసం ఏంటి? నా ఇంట దీపం పెట్టి, నా తీపి ముట్టనంటావా?" బదీర్ ఒక పెద్ద ముక్క విరిచి, పాకం మోచేతి దాకా కారుతుండగా ఆమె నోటి ముందు పెట్టాడు. ముఖమంతా సంతోషం. "మూడు తలాక్‌లు నా మీద పడాలి, ఇప్పుడు, నా కళ్ళెదుట, ఈ ముక్క నువ్వు తినకపోతే!"

నజాత్ నవ్వు సగంలోనే నిలిచిపోయింది. గోడ మీది చెయ్యి అలాగే ఉంది. ఆమె భర్త వైపు చూడలేదు, పెట్టె వైపు చూడలేదు. ఇన్షిరాహ్ నోటి వైపే చూస్తోంది.

ఇన్షిరాహ్ ముక్క అందుకుని నోట్లో పెట్టుకుంది. గొంతు ఎండిపోయి ఉంది, దిగడానికి సమయం పట్టింది. అది పూర్తిగా దిగిందని తెలిసేదాకా నజాత్ చూపు తిప్పలేదు.

"పాకం బాగా పట్టిందా?" అన్నాడు బదీర్.